సముద్రం చూడకుండా చెప్పిన సముద్రం పాఠం

ఈ మధ్య ఇబ్రహీంపట్నం బడికి కొత్తగా వచ్చిన సాంఘిక శాస్త్రం టీచరమ్మ ఒకామె నన్ను వెతుక్కుంటూ మా ఇంటికి వచ్చింది. "సార్, మీరు మస్తు ఏండ్లు భూగోళం చెప్పిన్రంట గద. పిల్లలకు సముద్రాల పాఠం ఎక్కుతలేదు. ఎట్ల చెప్పాలె?" అని అడిగింది. పటం గోడకు తగిలించి చెప్పమ్మా, రంగు సుద్దలు వాడమ్మా అని ఏవో రెండు మాటలు చెప్పి పంపించాను. ఆమె గేటు దాటగానే నాకే సిగ్గేసింది. అడిగింది మంచి ప్రశ్న. నేను ఇచ్చింది చవక జవాబు. సరైన జవాబు చెప్పాలంటే నేను చేసిన ఒక తప్పు చెప్పాలి. అది చెప్పడం కోసమే ఇది రాస్తున్నాను. నా బదిలీలు, ప్రమోషన్లు ఎవరికీ పనికిరావు. వాటి జోలికి పోను.

అట్ట లేని పుస్తకం

బడిలో నేను చదివింది నాలుగో తరగతి వరకే. మిగిలిన చదువంతా గ్రంథాలయానిది. గ్రంథాలయం అంటే పెద్ద మేడ అనుకోవద్దు. బట్టల దుకాణం ఆయన ఒకరు తన ఇంటి ముందు గది ఇచ్చాడు. అందులో రెండు చెక్క బీరువాలు, ఒక బెంచి, కిరసనాయిలు దీపం. పుస్తకాలు చాలావరకు బెజవాడ వైపు నుంచి వచ్చేవి. ఆ బీరువాల్లో ఉన్న పుస్తకాలన్నీ నేను చదివాను. ఈ మాట ఈ వయసులో కూడా గర్వంగానే చెబుతున్నాను.

వాటిలో అట్ట ఊడిపోయిన భూగోళం పుస్తకం ఒకటి ఉండేది. రాసిందెవరో నాకు ఇప్పటికీ తెలియదు. భూమి మీద నేల తక్కువ, నీరు ఎక్కువ అని మొదటిసారి దానిలోనే చదివాను. బెంచి మీద నుంచి లేచి బయటికి వచ్చి చుట్టూ చూశాను. ఎటు చూసినా ఎర్ర నేల, బండలు, జొన్న చేలు. నమ్మబుద్ధి కాలేదు. మళ్ళీ లోపలికి వెళ్ళి చదివాను.

మహాసముద్రాలు వేరు, సముద్రాలు వేరు అని ఆ పుస్తకమే నేర్పింది. భూమిని చుట్టుకొని ఉన్న ఒకే పెద్ద నీటికి మనం వేర్వేరు చోట్ల వేర్వేరు పేర్లు పెట్టుకున్నాం. ఆ నీటి అంచున నేల కొంత చుట్టుకొని, కొంత తెరిచి ఉంచిన భాగం సముద్రం. మధ్యధరా సముద్రం మూడు ఖండాల నడుమ ఇరుక్కొని, ఒక సన్నని సందులోంచి మహాసముద్రంతో ఊపిరి పీల్చుకుంటుంది. ఎర్ర సముద్రం రెండు ఎడారుల మధ్య పొడుగ్గా పడుకొని ఉంటుంది. కాస్పియన్‌కు సముద్రమని పేరే గాని చుట్టూ నేలే, అందుకని అది సరస్సు. సర్గాసో సముద్రానికి అసలు ఒడ్డే లేదు. చుట్టూ తిరిగే ప్రవాహాలే దానికి గట్లు. ఒడ్డు లేని సముద్రం! ఆ వాక్యం చదివిన రోజు నాకు అన్నం సహించలేదు.

ఈ చదువుతోనే ప్రైవేటుగా పరీక్షకు కూర్చొని మా ఊరి బడిలోనే సహాయ ఉపాధ్యాయుణ్ణి అయ్యాను. అప్పటికి మాది హైదరాబాద్ రాజ్యం. ఏ మూలకు పోయినా దానికి సముద్రం తగలదు. అటువంటి రాజ్యంలో సముద్రాలు చూడనివాణ్ణి, సముద్రాలు చూడని పిల్లలకు, వాళ్ళకు అర్థం కాని ఉర్దూలో సముద్రాలు చెప్పేవాణ్ణి. "బహరె హింద్, బహరె అరబ్, ఖలీజె బంగాల్" అని సముద్రాల ఉర్దూ పేర్లు పిల్లలు ఎక్కాల మాదిరిగా అరిచేవాళ్ళు. వెనక వరసల మొహాలు చూసి మెల్లగా తెలుగులో ఒక మాట అనేవాణ్ణి: "మన చెరువు తీరే ఉంటది. కట్ట ఉండదు, అంతే."

హెడ్మాస్టర్ సాబ్

మా హెడ్మాస్టర్ కరీముద్దీన్ సాబ్. హజ్‌కు ఓడలో పోయి వచ్చిన మనిషి. మా బడి మొత్తంలో సముద్రం చూసింది ఆయనొక్కడే. అయినా సముద్రాల పాఠం నాకే వదిలేసేవాడు. ఒకసారి ఉండబట్టలేక అడిగాను.

"సాబ్, సముద్రం ఎట్లుంటది?"

"మొదటి మూడు దినాలు కక్కుకున్న. తర్వాత భయపడ్డ. తర్వాత నిద్రపోయిన. గింతే."

"అంతేనా సాబ్?"

"నువ్వు చెప్పే సముద్రం మంచిగున్నది నర్సింలూ. నీ సముద్రంల ఎవ్వరు కక్కుకోరు." నవ్వి, కిళ్ళీ నములుతూ వెళ్ళిపోయాడు.

నాకు కోపం వచ్చింది. హజ్ చేశాడు గాని నా అంత పుస్తకం చదవలేదు కదా అనుకున్నాను. కొత్తగా చేరిన వాళ్ళకు ఈ జబ్బు తొందరగా పట్టుకుంటుంది. చూసి వచ్చినవాడి మాట మనం చదివిన దాని కంటే చిన్నదిగా కనిపిస్తుంది. నాకు ఆ జబ్బు గట్టిగానే ఉండేది.

మల్లయ్య అడిగినవి

పోలీసు చర్యకు ముందటి ఏడాది సంగతి. రాజ్యం అండతో ఖాకీ దుస్తుల వాళ్ళు ఊళ్ళ మీద తిరిగే రోజులు. అటు తూర్పు వైపు దొరలకు ఎదురు తిరిగిన సంఘం వాళ్ళు తుపాకులు పట్టారని వినేవాళ్ళం. మా చెరువులో చేపలు పట్టే మల్లయ్య మీద ఖాకీ వాళ్ళకు అనుమానం పడింది. సంఘం వాళ్ళకు తెప్ప మీద అన్నం మోస్తున్నాడని పట్టుకొని కొట్టారు. మోశాడో లేదో నాకు తెలియదు, నేను అడగలేదు. ఆ రోజుల్లో అడగకుండా ఉండటమే మర్యాద. రెండోసారి వచ్చి, ఈసారి కనిపిస్తే ప్రాణాలతో వదలం అని చెప్పిపోయారు.

మల్లయ్య నాకంటే పదేళ్ళు పెద్ద. అతని భార్య సత్తెమ్మ వాళ్ళ తమ్ముడు అంతకుముందే బందరు వైపు కూలికి పోయి ఉన్నాడు. ఇక్కడ నీళ్ళకు కొదవ లేదు, కొట్టేటోళ్ళు లేరు, రమ్మని కబురు పంపాడు. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ ఒక మధ్యాహ్నం బడి వదిలాక నా దగ్గరికి వచ్చారు.

"సారూ, నువ్వు సముద్రం సంగతి చెప్తవంట గద పోరగాండ్లకు. మాకు గూడ జర చెప్పు," అన్నాడు మల్లయ్య.

"ఏం కావాలె మల్లన్నా?"

"ఆ నీళ్ళల్ల మా వలలు పనికొస్తయా? తెప్ప ఆగుతదా? ఎండకాలం ఎండుతదా?"

"తాగనీకె పనికొస్తయా?" అంది సత్తెమ్మ.

నా జన్మలో నా మాట అంత శ్రద్ధగా ఎవరూ వినలేదు. బీరువాలోని పుస్తకం మొత్తం వాళ్ళ ముందు విప్పాను. నీళ్ళు ఉప్పగా ఉంటాయి, తాగడానికి బావి చూసుకోవాలన్నాను. లోపలికి పోవద్దు, అలలు తెప్పను తిప్పేస్తాయి, నది వచ్చి కలిసే చోట ఉప్పుటేళ్ళు ఉంటాయి, అక్కడ మీ వలలు పనికొస్తాయన్నాను. ఎండకాలం కూడా ఎండదన్నాను. ఇవన్నీ నిజాలే.

పుస్తకంలో ఉప్పుటేళ్ళ తరువాతి పేజీ ఆటుపోట్లది. రోజుకు రెండుసార్లు సముద్రం పొంగి ఒడ్డు మీదికి వస్తుంది, రెండుసార్లు వెనక్కి పోతుంది, దీనికి కారణం చంద్రుడు అని ఉంటుంది. ఆ పేజీ నేను పదిసార్లు చదివాను. చంద్రుడు నీళ్ళను ఎట్లా గుంజుతాడో, గుంజితే రోజుకు ఒకసారి కాక రెండుసార్లు ఎందుకు వస్తుందో పదిసార్లు చదివినా నాకు బోధపడలేదు. ఆటుపోట్ల మాట నోటిదాకా వచ్చింది. 'ఎందుకొస్తది సారూ' అని మల్లయ్య అడిగితే ఏం చెప్పాలి? అంతసేపు గడగడ చెప్పిన నోటితో తెలియదు అనాలి.

ఆ పేజీ దాటేశాను.

"ఇంకేమన్న ఉన్నదా సారూ?" అని అడిగాడు మల్లయ్య లేస్తూ.

"అంతే మల్లన్నా. మన చెరువు తీరే అనుకో. కట్ట లేదు, అంతే."

వరండాలో కూర్చొని హెడ్మాస్టర్ సాబ్ ఇదంతా విన్నాడు. వాళ్ళు వెళ్ళాక, "నర్సింలూ, నువ్వు సముద్రం చూడలేదన్న సంగతి గూడ వాళ్ళకు చెప్పినవా?" అన్నాడు.

"వాళ్ళకు తెల్వదా సాబ్?"

"వాళ్ళకు తెల్వది. నువ్వు గట్ల చెప్పినవ్ మరి, నేనే ఒక్కసారి చూసినట్టున్నది, నువ్వు ఆడనే పుట్టినట్టున్నది."

ఆ వారంలోనే మల్లయ్య కుటుంబం రెండు వలలు చుట్టుకొని ఊరు విడిచింది. కొంత నడక, కొంత బండ్ల మీద, హద్దు దాటి రైలు.

తిరిగి వచ్చిన మల్లయ్య

పోలీసు చర్య జరిగింది. ఖాకీ వాళ్ళు చెదిరిపోయారు. ఏ తప్పూ చేయని ముసల్మానులు కూడా బయటికి రావడానికి జంకే రోజులు వచ్చాయి. హెడ్మాస్టర్ సాబ్ కొన్ని వారాలు బడికి రాలేదు. నేనూ, పాత విద్యార్థుల తండ్రులు ఇద్దరూ ఆయన ఇంటికి పోయి వెంటబెట్టుకొని వచ్చాం. కుర్చీలో కూర్చొని బల్ల మీద దుమ్ము చేత్తో తుడిచి, "పిల్లల సబక్ ఏ పాఠం కాడ ఆగింది?" అన్నాడు. 

తరువాత నాలుగు నెలలకు మల్లయ్య బడి వరండాలోకి వచ్చాడు. బాగా నల్లబడ్డాడు. పాదాలు పగిలి తెల్లగా ఉన్నాయి. కూర్చోమంటే కూర్చొని, నవ్వుకుంటూ తన కథ చెప్పాడు.

వాళ్ళు బందరు వైపు బావమరిది ఊరు చేరేసరికి పొద్దు నడినెత్తికి రాలేదు. ఉప్పుటేరు పక్కన కనుచూపు మేర నున్నటి తడి నేల, మనిషి జాడ లేదు. మన దగ్గర ఎండకాలంలో చెరువు వెనక్కి పోతే బయటపడే నేలను శిఖం అంటాం. మల్లయ్య వాళ్ళు ఏటా ఆ శిఖంలోనే గుడిసె వేసుకొని, అక్కడే వలలు ఆరేసుకొని, మళ్ళీ వానలు పడేదాకా ఉంటారు. వాళ్ళ తాతలూ అంతే.

"గంత శిఖం ఖాళీగ పడి ఉన్నది సారూ. ఈ దిక్కు జనం ఎంత తెలివి తక్కువోళ్ళు అనుకున్న. నీళ్ళ పక్కపొంటే గుడిసెకు గుంజలు పాతిన. వలలు గట్టిన. వండుకునే గంజులు, బియ్యం మూట ఆడనే పెట్టి బామ్మర్దిని పిలువనీకె ఊర్లకు పోయినం. వచ్చి చూస్తే," అని మల్లయ్య చేతులు రెండూ చాపాడు. "శిఖం లేదు. గుంజల కొసలు గూడ కనవడ్తలేవు. వాన లేదు, మబ్బు లేదు. చెరువు నిండింది."

"మరి వలలు?"

"ఏ దేశం పోయినయో. ఆడి చేపలోళ్ళు ఒడ్డు మీద నిలవడి ఒకటే నవ్వుడు. 'ఏమయ్యోయ్, సముద్రాన్ని మీ ఊరి చెరువనుకున్నావేంటి' అని. ఆ నాటి సంది నా పేరు చెరువు మల్లయ్యనే. వల లేనోనికి ఏటిల ఏం పని? ఉప్పు మళ్ళల్ల కూలి చేసినం, ఇద్దరం." పగిలిన పాదం చూసుకొని, నా వైపు తిరిగి మెత్తగా అన్నాడు: "నీ పుస్తకంల గది రాసి లేదేమో సారూ. ఆ రాసినోడు ఎన్నడు గుడిసె ఏసుకొని ఉండడు."

నేను తల ఊపాను. తల ఊపాను అని ఇప్పుడు రాయడానికి కూడా చెయ్యి రావడం లేదు.

హెడ్మాస్టర్ సాబ్ నా వైపు చూశాడు. మా ఉర్దూ వాచకంలో కూడా ఆటుపోట్ల పాఠం ఉంది, దాన్ని నేనే చెప్పించేవాణ్ణి. ఆయనకు తెలుసు. మల్లయ్య వెళ్ళేదాకా ఆగి అన్నాడు: "నేను చెప్తే చాడీ, చుగ్లీ అయితది. నువ్వు చెప్తే సబక్ అయితది."

ఎనిమిది రోజులు

ఎనిమిది రోజులు చెప్పలేదు. మల్లయ్య ఇతరుల వలలు లాగుతూ వాళ్ళు ఇచ్చిన నాలుగు చేపలు ఇంటికి తీసుకుపోవడం చూశాను. మా చెరువులో వల లేనివాడు చేపలవాడు కాడు, కూలివాడు. వచ్చే ఎండకాలం నీళ్ళు తగ్గేనాటికి సొంత వల లేకపోతే ఆ ఏడాది కూడా అంతే. ఇవన్నీ తెలిసి బడికి పోయి వచ్చాను. అప్పటికి పాఠాలు తెలుగులోకి మారుతున్నాయి. నాకు ఇష్టమైన సముద్రాల పాఠం తెలుగులో చెప్పే రోజు వచ్చింది. బోర్డు మీద 'ఆటుపోట్లు' అని రాశాను. రాసి, సుద్దముక్క పెట్టేసి, పిల్లలను ఆటకు వదిలేసి, చెరువు దగ్గరికి నడిచాను.

సత్తెమ్మ నూలు దారంతో కొత్త వల మొదలుపెట్టింది. మూరెడు కూడా కాలేదు. మల్లయ్య పక్కన కూర్చొని బీడీ తాగుతున్నాడు.

"మల్లన్నా, గది పుస్తకంల ఉన్నది," అన్నాను.

"ఏది సారూ?"

"నీళ్ళు వచ్చుడు, పోవుడు. నేను చదివిన. నీకు చెప్పలే."

సత్తెమ్మ చెయ్యి ఆగింది. "రెండేండ్లు అల్లిన వలలు సారూ అవి. పెద్దోడు కడుపుల ఉన్నప్పుడు మొదలువెట్టిన."

మల్లయ్య బీడీ నేలకు రాసి ఆర్పాడు. తరువాత అడిగాడు. "ఎందుకు చెప్పలే?"

"నీళ్ళు ఎందుకొస్తయ్ అని నువ్వు అడుగుతవని. నాకు తెల్వది. తెల్వదని చెప్పబుద్ధి కాలే."

"ఎందుకొస్తయని నేనెందుకు అడుగుత సారూ?" మల్లయ్య నిజంగానే ఆశ్చర్యపోయాడు. "ఎప్పుడొస్తయని అడుగుదును."

ముప్పై ఏళ్ళకు పైగా పాఠాలు చెప్పాను. శిక్షణ కేంద్రాలలో పెద్ద పెద్దవాళ్ళ ఉపన్యాసాలు విన్నాను. ఆ ఒక్క మాట ముందు అవన్నీ తేలిపోతాయి. పాఠం వినేవాడికి ఏం కావాలో నేను అడగలేదు. నాకు ఏం రాదో దాని చుట్టే తిరిగాను. ఎప్పుడు అన్నది కూడా ఆ పేజీలోనే ఉంది. అది నాకు వచ్చు.

"నీకు ఇప్పుడు ఎరుకనా, ఎప్పుడొస్తదో?" అన్నాను.

"ఉప్పు మళ్ళల్ల ఏడాది చేసినంక ఎరుక గాదా?"

సత్తెమ్మ దారం తెంపింది. "అట్లయితే రేపు బడికి ఈయన్ను పిలువు. ఈయన చెప్తడు, నువ్వు కింద కూసొని విను. ఇంకెవ్వరి గుడిసె మునగొద్దు."

నేను కింద కూర్చున్న పాఠం

మరునాడు మల్లయ్య తలపాగా చుట్టుకొని వచ్చాడు. నేను పిల్లల వరసలో కూర్చున్నాను. ముందుగా నిలబడి, నేను ఏ పేజీ దాటేశానో, దానివల్ల ఎవరికి ఏమైందో పిల్లలకు చెప్పాను. మల్లయ్య నేల మీద బొగ్గుతో గీతలు గీశాడు.

"పొద్దుగాల ఒకపారి, మాపటీలి ఒకపారి వస్తది. రోజుకు రెండు గడియలు, గంటకు జర తక్కువ, వెనుకకు జరుగుతది. ఇయ్యాల భోజనం యాళ్లకు వస్తే రేపు తిన్నంక రెండు గడియలకు వస్తది. అమాసకు, పున్నానికి మస్తు వస్తది. నడుమల జర తక్కువ. కొత్త జాగకు పోతే ఎవ్వరిని అడుగకున్నా ఎరుకయితది. ఒడ్డు మీద చెత్త గీత ఉంటది. పుల్లలు, ఆల్చిప్పలు, నాచు. నీళ్ళు ఆడిదాంక వచ్చి పోయినట్టు. ఆ గీతకు పైన కూసో. అమాస పున్నాల గీత ఇంకా పైన ఉంటది, గది చూసుకో."

పుస్తకంలో చెత్త గీత లేదు. ఆ తరువాత నేను చదివిన ఏ పుస్తకంలోనూ అది అంత సులువుగా కనిపించలేదు.

హెడ్మాస్టర్ సాబ్ గుమ్మంలో నిలబడి మొత్తం విన్నాడు. అయిపోయాక లోపలికి వచ్చి, "మల్లయ్యా, నేను ఓడల పోయిన రోజు నువ్వు దొరికి ఉంటే నా చెప్పులు మిగులుతుండె," అన్నాడు. ఓడ ఎక్కేముందు రేవు ఒడ్డున ఆయన చెప్పులు కూడా నీళ్ళు ఎత్తుకుపోయాయట. ఇన్నేళ్ళూ ఎవ్వరికీ చెప్పలేదట. పిల్లలు పడి పడి నవ్వారు.

ఆ తరువాత సెలవు దినాలన్నీ నేను సత్తెమ్మ దగ్గర దారం పురి పెట్టాను. "పుస్తకాలు పట్టిన చేతులు, దారం వడితె అన్ని చిక్కులే," అని తిట్టేది. సగం పురి విప్పి మళ్ళీ వేయించేది. నీళ్ళు తగ్గేనాటికి ఒక వల తయారైంది. రెండోది మరుసటి ఏడాది.

అప్పటినుంచి నా తరగతిలో ఒక పద్ధతి పెట్టుకున్నాను. పాఠం అయ్యాక బోర్డు మూలన, దానిలో నాకు అర్థం కానిది ఒకటి రాసేవాణ్ణి. రోజుకు రెండు పోట్లు ఎందుకో ఆ మూలన ఆరేళ్ళు ఉంది. చివరికి హైదరాబాద్‌లో ఒక గ్రంథాలయంలో దొరికిన పుస్తకం చదివి, మర్నాడు తడిగుడ్డతో దాన్ని తుడిచిన ఆనందం మాటల్లో చెప్పలేను. ఇన్‌స్పెక్టర్లు ఆ మూల చూసి మొహం చిట్లించేవాళ్ళు. చిట్లించనీ.

బందరు

ఉద్యోగం ముగిశాక మొదటి చలికాలం, మల్లన్నను వెంటబెట్టుకొని బందరు పోయాను. అప్పటికి అతనికి డెబ్బైకి ఒకటో రెండో తక్కువ. సత్తెమ్మ లేదు. అరవైకి దగ్గరపడి నేను మొదటిసారి సముద్రం చూశాను. ఎలా ఉందో రాయను. నేను చెప్పినట్టు లేదు, అంతవరకు రాస్తాను.

నీళ్ళు దూరంగా ఉన్నాయి. నున్నటి తడి నేల ఎండకు మెరుస్తోంది. నాకు తెలియకుండానే దిగి నడుచుకుంటూ చాలా దూరం పోయాను. అలలు బాగా కనిపించే చోటు చూసుకొని, చెప్పులు విడిచి పక్కన పెట్టి, తువ్వాలు పరిచి కూర్చున్నాను.

వెనక నుంచి కేక వినిపించింది. తిరిగి చూస్తే మల్లన్న ఎక్కడో పైన, పుల్లలూ ఆల్చిప్పలూ వరసగా పడి ఉన్న గీతకు అవతల నిలబడి కర్ర ఊపుతున్నాడు.

"సారూ! శిఖంల కూసున్నవ్!"

"ఎప్పుడొస్తది మల్లన్నా?" అని అరిచాను.

"చెప్పులు చేతవట్టుకొని ఇటు రా. చెప్త."